సరిచేసిన ముఖం

చెల్లెలి తలను ఆమె మొగుడు తలుపు అంచుకేసి మూడుసార్లు కొట్టాడు. నాలుగోసారికి గడియ ఊడి తలుపు తెరుచుకుంది కాబట్టి ఆమె బయటపడింది, లేకపోతే ఆ పూటే అయిపోయేది. రక్తం కారుతున్న ముఖంతో రెండు వీధులు నడిచి అన్న స్టూడియోకి వచ్చింది.

అన్నను అందరూ రీలాయన అంటారు. లోకమంతా ఫోన్లతో ఫోటోలు తీస్తుంటే ఆయనింకా కెమెరాలో ఫిల్మ్ ఎక్కిస్తాడు. కడిగిన నెగెటివ్‌ను స్కానర్‌లో పెట్టి, కంప్యూటర్‌లో రంగులు సరిచేసి, నిలువెత్తు కాగితం మీద ముద్రిస్తాడు. ఒక్క ఫోటోకి వారం పడుతుంది. చర్మం రంగు రాబట్టడంలో ఆయన్ని మించినవాడు లేడని పేరు. ఆ పేరు తెచ్చిపెట్టినవి చెల్లెలి ఫోటోలే. ఆమె పెళ్లయిన దగ్గర్నుంచి ఏడాదికొకటి, అదే కుర్చీలో, అదే కిటికీ పక్కన. మొత్తం ఏడు. పుస్తకంగా కూడా వచ్చాయి.

అన్న ఆమె నుదుటికి కుట్లు వేయించి పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్తే, అక్కడ చెల్లెలి మొగుడు ఆ పుస్తకమే బల్ల మీద పెట్టాడు.

"ఏడేళ్లుగా కొడుతున్నానంటోంది కదా సార్. వాళ్లన్న తీసిన ఫోటోలే చూడండి, ఎక్కడైనా చిన్న గీత ఉందా? ఇవాళేదో కోపంలో చెయ్యి జారింది, అంతే."

అధికారి పేజీలు తిప్పాడు. అన్నీ మచ్చలేని ముఖాలు. చెల్లెలు పుస్తకం వైపు చూడలేదు, అన్న వైపు చూసింది.

"ఇప్పటికి అందరూ వెళ్లి సాయంత్రం రండి. పాత దెబ్బలకు ఆధారం ఏదైనా ఉంటే అప్పుడు తెండి. లేకపోతే ఇతన్ని మందలించి పంపెయ్యడం తప్ప నేను చేసేదేం లేదు" అన్నాడు అధికారి.

"ఈసారి చంపేస్తాడు" అంది ఆమె, బయటికి వచ్చాక.

రీలాయనకు తల కొట్టేసినట్టయింది. ఆమెను స్టూడియో లోపలి గదిలో పడుకోబెట్టి పాత నెగెటివ్‌లు తీశాడు. ఏ రంగూ ముట్టుకోకుండా, ఉన్నదున్నట్టు చిన్న కాగితాల మీద ముద్రించాడు. ఒక్కదాంట్లోనూ ముఖం శుభ్రంగా లేదు. మూడో ఏడు దవడ కింద పసుపు కలిసిన ఆకుపచ్చ. ఐదో ఏడు మెడ మీద నాలుగు వేళ్లు. ఆరో ఏడు కంటి చుట్టూ వంకాయ రంగు.

అప్పుడు తానేం చేశాడో ఆయన చేతులకు గుర్తుంది. కిటికీ నీడ అనుకుని నీలం తగ్గించాడు, ఫిల్మ్ పాతబడిందనుకుని ఆకుపచ్చ తీసేశాడు. మరి మెడ మీది వేళ్లు? వాటిని నీడలనుకోలేదు. మొగుడూ పెళ్లాల గొడవ మనకెందుకు, ఫోటో పాడవకూడదు అనుకున్నాడు. వెధవ పని, దానికి మరో పేరు లేదు.

ఫిల్మ్ ఇంకా ఉంటుందన్న సంగతి చెల్లెలి మొగుడికీ తట్టినట్టుంది. తలుపు తన్నుకుంటూ వచ్చాడు.

"బావా, అవి ఇటిచ్చెయ్."

ఇవ్వకపోయేసరికి కుర్చీ ఎత్తి ప్రింటర్ మీద వేశాడు. నెగెటివ్‌ల కవరును పొట్టకు అదుముకుని కింద పడ్డ రీలాయన వేళ్లను బూటుకాలితో తొక్కాడు. ఎముక విరిగిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది.

రీలాయన రెండో చేతికి కెమెరా స్టాండు దొరికింది. మోకాలి మీద ఒకటి, భుజం మీద ఒకటి. ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి, వాడు నేలకూలాక కూడా ఆపలేదు. మూతి పగిలి పళ్లు రాలేదాకా కొట్టాడు. ఏడుస్తూ కొట్టాడు.

చెల్లెలు పరుగున వచ్చి స్టాండు లాగేసింది. నుదుటి మీది కుట్లు మళ్లీ తడుస్తున్నాయి.

"చాల్లే అన్నయ్యా. వీడు చస్తే నువ్వు లోపలికెళ్తావు."

"ఒక్కసారి నాకు చెప్పుంటే, అప్పుడే వీణ్ణి..."

"చెప్పడానికే కదా ఏటా వచ్చింది. దెబ్బలు మానకముందే వచ్చి నీ ముందు కూర్చునేదాన్ని. ఫోటో చూపించినప్పుడల్లా, ఈసారీ తుడిచేశావనుకుని ఇంటికెళ్లిపోయేదాన్ని."

ఆమె నేల మీది ఏడు ప్రింట్లూ ఏరుకుంది, అన్న ఇంకా పొట్టకు అదుముకునే ఉన్న కవరు తీసుకుంది, మూలుగుతున్న మొగుణ్ణి దాటుకుని స్టేషన్‌కి బయల్దేరింది. అన్నను మాత్రం రమ్మనలేదు.