బేరింగు చప్పుడు

మొన్న పొద్దున్న ఎదురింటి కుర్రాడి కారు మా వీధిలోంచి వెళుతూంటే, ముగ్గు వేస్తున్నదాన్ని చటుక్కున తల ఎత్తాను. ఇంజన్ అడుగునుంచి దభీ దభీమని కొడుతోంది. ఆపు నాయనా అని చెయ్యి ఊపాను గానీ, అద్దాలు బిగించుకుని పాటలు పెట్టుకున్న పిల్లవాడు నవ్వుతూ తనూ చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. ముగ్గు అక్కడే వదిలేసి అరుగు మీద కూలబడ్డాను.

అరవయ్యో దశకం చివర్లో విజయనగరంలో సొంత టాక్సీ ఉన్నవాడంటే ఎంత మాటో మన వయసువాళ్ళకి జ్ఞాపకం ఉంటుంది. మా ఆయనకి ఒక పాత కారు ఉండేది, మాకు పొలమైనా పుట్రైనా అదే. కొత్తకాపురంలో ఆయన నాకు నేర్పిన విద్య ఇంజన్ చప్పుళ్ళు. పెట్రోలులో కిరసనాయిలు కలిస్తే ఎత్తు ఎక్కేటప్పుడు తాలింపులో ఆవాలు చిటపటలాడినట్టు సన్నగా కొడుతుందనీ, ఆయిలు తగ్గితే పైనుంచి టకటకమంటుందనీ, లోపల బేరింగు అరిగితే మాత్రం అడుగునుంచి రోకటిపోటులా బరువుగా వస్తుందనీ, అప్పుడిక బండి కదపనే కూడదనీ చెప్పేవారు. స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వినడం ఆయన పద్ధతి. వీధిలో ఏ లారీ వెళ్ళినా "సెప్పవే, ఏ రకం?" అని నన్ను అడిగేవారు. సరసమనుకుని మురిసిపోయేదాన్ని, పిచ్చిమొహాన్ని.

ఒక ఎండాకాలం గజపతినగరంలో మా పుట్టింటికి వెళుతూంటే, దారిలో మా కారే ఆ రోకటిపోటు అందుకుంది. చెప్తే ఆపారు. స్క్రూడ్రైవర్ పెట్టి విని, "ఏటీ లేదే, నీకన్నీ బయాలే" అన్నారు. నేను లాక్కుని పెట్టుకుంటే పిడి నా చెవిని హోరెత్తించేసింది. బేరింగే, కదపకండని బతిమాలాను. ఆయన ముఖం జేవురించింది. "బండి నాను తోలుతన్నానా, నువ్వు తోలుతన్నావా?" అని కసిరి ఎక్కి కూర్చున్నారు.

కాస్త దూరం వెళ్ళామో లేదో, ఫెళ్ళుమని లోపలి రాడ్డు విరిగి ఇంజన్‌ని చీల్చుకుని బయటికొచ్చింది. నల్లగా ఆయిలు రోడ్డంతా పారుతూంటే ఆయన దిగి, దాన్నే చూస్తూ నిలబడిపోయారు. వెనకనుంచి లారీ హారన్ మోతెక్కిస్తూ మీదికొచ్చేస్తున్నా తిరిగి చూడరే! చెయ్యి పట్టుకుని ఇవతలికి లాగేశాను. అప్పుడు తెలిసింది నాకు. అన్నాళ్ళూ ఏ రకమని అడిగింది సరసానికి కాదు, తనకి వినబడక. ఎందుకు చెప్పలేదని ఏడిస్తే, నా పెదాలే చూస్తూ, "ఇనబడదని తెలిస్తే నా బండెవులెక్కుతారే?" అన్నారు.

కారు పాత ఇనుము కింద తూకానికి పోయింది. ఆయన మళ్ళీ స్టీరింగు ముట్టలేదు. బియ్యం మిల్లులో బస్తాలు కుట్టడానికి కుదిరారు, ఆ రొదలో చెవులున్నవాళ్ళకైనా ఏమీ వినబడదు కదా అని నవ్వేవారు.

ఇప్పటి బళ్ళలో అద్దాలు ఎత్తేస్తే చాలు, అడుగున ఏం విరుగుతున్నా లోపలివాళ్ళకి తెలియనే తెలియదు. ఆయన పోయారు. నా చెవులు మాత్రం ఈ వయసులోనూ పాడవలేదు, పాడైనా బాగుండును. ఎదురింటి కారుది బేరింగేనని నాకు తెలుసు. ఏ రకమే అని అడిగే మనిషే లేరు.