గాలి గొట్టంలో గుడ్డముక్క

పాత పికప్ బండ్లకు ఆ మెకానిక్కే పెద్ద దిక్కు. ఇంజను విప్పినప్పుడు నట్లు లోపల పడకుండా గాలి గొట్టంలో తన పాత చొక్కా ముక్క కుక్కడం, బిగించే ముందు తీసేయడం ఆయనకు నలభై ఏళ్ల అలవాటు. పాలబండి ఎత్తు ఎక్కలేకపోతుంటే డీజిల్ పంపు పోయిందన్నాడు. ఎక్కడా దొరకని ఆ పంపు కోసం పన్నెండు రోజులు పాత సామాను కొట్లన్నీ గాలించాడు. తెచ్చి బిగించినా బండి ఆయాసపడుతూనే ఉంది. గొట్టం విప్పితే, కిందటి నెల ఇదే ఇంజను విప్పినప్పుడు తను మరిచిపోయిన నీలిగళ్ల చొక్కా గుడ్డ చేతికొచ్చింది. చటుక్కున పిడికిట్లో దాచుకున్నాడు.

"దొరికిందా అన్నా, రోగం?" అన్నాడు అన్నాళ్లూ పనిలేక కూర్చున్న డ్రైవరు. "నువ్వు తప్ప ఎవరు పట్టుకుంటార్లే!"

ఆ మెప్పుకు చెవులు కాలిపోయాయి. పిడికిలి విప్పాడు. "రోగం బండిది కాదు తమ్ముడూ, నాది."

డ్రైవరు గుడ్డను చూసి, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. "నాతో అన్నావు, చాలు. ఇంకెవరి దగ్గరా అనకు."

తిట్టి ఉంటే తలెత్తగలిగేవాడేమో.