పాతరలో ఆరిన దీపం

1949 అక్టోబరు 27, గురువారం, మధ్యాహ్నం మూడు గంటలకు కోదాడ సమీపంలోని మా ఊరిపై తుఫాను విరుచుకుపడింది. గడ్డి కప్పిన మా ఇంటిలో అమ్మ, ఏడు నెలల గర్భిణి అయిన అక్క, నేను ఉన్నాము. మా వంశంలో బి.ఏ. పట్టా పొందిన మొదటివాడిని నేనే. ఆ గర్వం అప్పటికింకా తగ్గలేదు.

రెండు గంటలపాటు కప్పు తాళ్లను పట్టుకొని మా చేతులు పడిపోయాయి. ఇంటి నడుమ నేలలో తవ్విన జొన్నల పాతర ఖాళీగా ఉంది. అక్కను అందులో దించితే క్షేమమని నాకు తోచింది. మూత తీయగానే అమ్మ తాడుకు దీపం కట్టి లోపలికి వదిలింది. అది ఆరిపోయింది.

"లోపల పాడుగాలి ఉన్నది కొడుకా, దిగొద్దు."

"తుఫానుకు ఆరిందే అమ్మా! ముందుగాల నేనే దిగి సూస్త."

"గంత సదివి గిదేం మొండితనంరా! నడుముకు తాడన్న కట్టుకో."

అడుగున కాలు మోపగానే ఊపిరి ఆడలేదు. అక్కడే కూలిపోయాను. అమ్మ మాటకు నడుముకు కట్టుకున్న తాడు పట్టి అమ్మ, అక్క కలిసి నన్ను పైకి లాగారు.

"బియ్యే సదివినోన్ని బాయిల బొక్కెన లెక్క గుంజినం," అని అక్క రొప్పుతూ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ముందుగా ఆమెనే దించి ఉంటే?

సగం కప్పు ఎగిరిపోయినా, మట్టిగోడ వారన మంచం కింద ముగ్గురమూ తెల్లవారేదాకా ప్రాణాలతో ఉన్నాము.

ఆనాటి నుండి అమ్మను అడగకుండా ఇంటి విషయంలో నేను ఏ నిర్ణయమూ తీసుకోలేదు.