పుంగనూరులో నేను రాసిచ్చిన పవర్

నవ్వకుండా వింటామంటే చెప్తాను. పోయిన నెల ఒక బుధవారం పుంగనూరు రిజిస్ట్రార్ ఆఫీసుకు పోయినా, మా అత్త దగ్గర పవర్, అదే ఆమె తరఫున సంతకం పెట్టే అధికారం, రాయించుకుందామని. సాయంత్రం బయటికొచ్చేటప్పటికి నాకుండే పవర్ కూడా మా అత్త చేతిలో ఉండాది!

మొదట్నుంచీ చెప్తా, ఉండండి. మా అత్త మునెమ్మకు పుంగనూరు పక్కన పల్లెలో నాలుగెకరాలు ఉండాది. టమోటా పెడతాది, రెండావుల్ని మేపుతాది. మోకాలు అరిగిపోయి నడవలేకపోతాంటే, కుప్పంలో ఆపరేషన్‌కు గురువారం వచ్చి చేరమన్నారు. సరిగ్గా దాని మరుసటి వారమే ఊర్లో భూముల సర్వే. పక్క చేనాయన ఏటా ఒక మూర మా గట్టులోకి దున్నుకుంటా వస్తాండాడు. సర్వే నాడు అత్త తరఫున నిలబడి సంతకం పెట్టేవాళ్ళు లేకపోతే, ఆయన చూపించిన చోటే రాయి పాతిపోతారు. మా ఆయన టమోటా లారీ తోల్తాడు, ఈపొద్దు మద్రాసులో ఉంటే రేపు యాడుంటాడో ఆయనకే తెలీదు. "వాడు ఇంటికొచ్చేదే చుట్టం మాదిరి. కోడలికే రాస్తా" అనేసింది అత్త.

ఇంగ నాకు దిగులు పట్టుకునింది. నా సంగతి మీకు తెలుసు కదా. గ్యాస్ ఆపినానా లేదా అని మదనపల్లె బస్టాండు నుంచి ఎన్నిసార్లు వెనక్కి పరిగెత్తినానో. కోడలు ఆస్తి రాయించుకుంటాండాదని ఊరంతా అనుకుంటే? రిజిస్ట్రార్ ముందర అత్త నోటికొచ్చింది అనేస్తే? ఆమె మాటకు అదుపుండదు. అందుకే మూడు దినాలు కూర్చోబెట్టి పాఠం చెప్పినా. ఇష్టపడే ఇస్తాండావా అని సార్ అడుగుతాడు, నువ్వు "నా ఇష్టప్రకారమే సార్, ఎవురి బలవంతమూ లేదు" అనాల, అంతకు మించి ఒక్క మాట కూడా వద్దు అని. పాపం పాలు పిండతా కూడా అదే అనుకుంటా ఉండింది.

మంగళవారం డాక్యుమెంట్ రైటర్ వెంకటప్పన్న వాట్సాప్‌లో కాయితం నమూనా పంపించినాడు. తెరిచి చూస్తే పైన నా పేరు, కింద మా అత్త పేరు. పెండ్లి పత్రికలో కూడా పెద్దోళ్ళ పేర్లు పైనే కదా వేసేది. అత్తను కిందికి దించి నా పేరు నెత్తిన పెట్టుకుంటే సాక్షి సంతకాలకు వచ్చేవాళ్ళు ఏమనుకుంటారు? వెంటనే ఫోన్ చేసి, అన్నా, పేర్లు అటుదిటు మార్చండి, పెద్దామె పేరు పైన రావాల అన్నా. ఆయన ఇంకెవరితోనో మాట్లాడతా, "అట్లే కానీలేమ్మా" అన్నాడు. ఎంత మర్యాదగల కోడలినో అని నన్ను నేనే మెచ్చుకున్నా.

పవర్ కాయితంలో తీసుకునేవాళ్ళ పేరు పైన, ఇచ్చేవాళ్ళ పేరు కింద రాస్తారంట. నాకేం తెలుసు?

బుధవారం పొద్దున్నే పోయి కూర్చున్నాం. ఆధార్ కార్డులు ఉండాయా, ఫొటోలు ఉండాయా అని నేను సంచి తీసేది, మూసేది. అత్త మాత్రం వేరుశెనక్కాయలు ఒలుచుకుని తింటా ఉండింది. మూడు దాటినాక పిలిచినారు. రిజిస్ట్రార్ సార్ కంప్యూటర్ చూసుకుంటానే, "మీ ఇష్టపూర్వకంగానే ఇస్తున్నారా?" అని అడిగినాడు. తలెత్తి నా దిక్కే చూసినాడు. అత్త దిక్కు యాల చూడలేదని నాకు తోచనే లేదు. ఆమె నోరు తెరిస్తే ఏం ముంచుకొస్తాదో అని, నేనే గబగబా అప్పజెప్పేసినా. "నా ఇష్టప్రకారమే సార్, ఎవురి బలవంతమూ లేదు." వేలిముద్ర వేయమన్నారు, వేసినా. కెమెరాలో చూడమన్నారు, చూసినా. అయిపోయింది.

బయట మెట్ల మీద కూర్చుని హమ్మయ్య అనుకుంటాండా. అత్త మొహం మాడ్చుకోని ఉండాది. ఏమత్తా అంటే, "మూడు దినాలు నా పానం తీసి నేర్పిస్తివి. ఆ సారు నన్ను ఒక్క మాటన్నా అడిగినాడా?" అనింది. నేను నవ్వినా. నవ్వు సగంలో ఉండంగానే, అవును కదా అని తోచింది. జిరాక్స్ కాయితం తీసి చదివినా. రాసిచ్చేవారు సుజాత, అంటే నేను. నా ఆస్తులన్నిటి మీదా, నా తరఫున యాడైనా సంతకం పెట్టే అధికారం మా అత్త మునెమ్మకు ఇస్తాండానంట.

తెల్లారితే కుప్పం ప్రయాణం, ఆపైన సర్వే. అత్త నాలుగెకరాల గట్టు నా మర్యాద వల్ల పోతాది అని అక్కడే ఏడ్చేసినా. వెంకటప్పన్న వచ్చి చూసి, నువ్వే కదమ్మా మార్చమంటివి అని తల పట్టుకున్నాడు. లోపల అడిగితే ఈపొద్దుకు టైమ్ అయిపోయింది, వచ్చే వారం రండి అన్నారు. నేను ముక్కు చీదుకుంటా ఉంటే, అత్త చేతికర్ర తీసుకోని కుంటుకుంటా నేరుగా సార్ గదిలోకి పోయింది. ఏం చెప్పిందో ఏమో, సార్ నవ్వు ఆపుకుంటా, అర గంటలో సరైన కాయితం తెచ్చుకుంటే తీసుకుంటానన్నాడు. వెంకటప్పన్న మళ్ళీ టైపు కొట్టించినాడు. నేను రోడ్డు మీదికి పరిగెత్తి, బజ్జీల బండి కాడ ఉండే సాక్షులిద్దర్నీ చేతులు కూడా కడుక్కోనీకుండా లాక్కొచ్చినా.

ఈసారి సార్ అత్తనే అడిగినాడు. అత్త నన్నొకసారి చూసి, ఆయన దిక్కు తిరిగింది.

"సార్, ఈమె నేర్పించిన జవాబొకటి ఉండాది. అది చెప్పేదా, నిజం చెప్పేదా?"

సాక్షులు నా దిక్కు చూస్తాండారు. సార్ పెన్ను కింద పెట్టేసి, "నిజమే చెప్పండమ్మా" అన్నాడు.

"నాకు రాసియ్యి అని ఈమె ఒక్క దినం కూడా అడగలేదు సార్. అడిగేదానికి కూడా భయమే ఈమెకు. నేనే పిలిచి ఇస్తాండా."

నేను మళ్ళీ ఏడ్చినా, కానీ ఇది వేరే ఏడుపు. ముందు రాసింది రద్దు చేయాలంటే దానికి ఇంకో కాయితం రాయాలన్నారు. అత్త వద్దనింది. "ఉండనీ మే. నా మోకాలికి ఆపరేషన్ ఉండాది, నీ భయానికి యాడుండాది? ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తాది" అని మడిచి చీర కొంగున కట్టుకునింది.

సర్వే బాగానే జరిగింది, రాయి పడాల్సిన చోటే పడింది, ఆ దిగులు మీకొద్దు. సిగ్గు పోయింది కుప్పంలో. గురువారం బైరెడ్డిపల్లె మీదుగా పోయి చేరినాం. శుక్రవారం పొద్దున అత్తను స్ట్రెచర్ మీద పడుకోబెట్టినాక, నర్సమ్మ ఒక ఫారం తెచ్చి, పేషెంట్ తరఫు వాళ్ళు ఇక్కడ సంతకం చేయండి అనింది. "ఏమైనా జరిగితే" అని మొదలైన లైను చదివినా. అంతే, పెన్ను కింద పడింది. తీసుకున్నా, మళ్ళీ పడింది. కండ్లు తిరిగి గోడ పట్టుకుంటే, ఎవరో కుర్చీ వేసినారు, ఇంకొకరు నీళ్ళు తెచ్చినారు.

అత్త స్ట్రెచర్ మీద నుంచే చెయ్యి చాపింది. "ఇట్లా తే ఆ ఫారం. ఈమె పవర్ నా దగ్గరే ఉండాది" అని, నేను పెట్టాల్సిన చోట తనే సంతకం పెట్టేసింది.

నర్సమ్మ ఫారం చూసింది, అత్తను చూసింది, కుర్చీలో వాలిపోయిన నన్ను చూసింది.

"ఇంతకీ మీ ఇద్దర్లో లోపలికి తీసుకుపోవాల్సింది ఎవర్నమ్మా?"