మా బావ పేజీలోని సంఖ్యలు

మొన్న గురువారం ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు ఆదోనిలో మా వీధికి కరెంటు వచ్చింది. అప్పటికే నేను పాలు కాచి, కాఫీ కలుపుకొని కంప్యూటరు ముందు కూర్చున్నాను. పేపరు చదవడం మానేసిన తర్వాత పొద్దున్నే నేను చూసేది మెయిళ్లే. ఆ రోజు ఒకటే ఉంది. నేను కనిపెట్టుకుని ఉన్న పేజీ ఒకటి మారిందని వికీ వెబ్‌సైటు తనంతట తాను పంపిన మెయిలు. ఎందుకు మార్చామో చెప్పడానికి అక్కడ ఒక చిన్న గడి ఉంటుంది. మార్చిన మనిషి అందులో ఇంగ్లీషులో రెండు మాటలు రాశాడు. శుభ్రం చేశాను అని వాటి అర్థం.

పేజీ తెరిచాను. మా బావ రాసిన తెలుగు లేదు. దాని స్థానంలో సగం ఇంగ్లీషు, సగం యంత్రం చేసిన తెలుగు ఉన్నాయి. ముప్పై ఏళ్లు ప్రెస్సులో కూర్చుని ప్రూఫులు దిద్దినవాణ్ని, నాకు కోపం తొందరగా రాదు. వచ్చినా అక్షరం మీద చూపిస్తాను కాని మనిషి మీద చూపించను. ఆ ఉదయం మాత్రం వచ్చింది. ఇది రాస్తున్నప్పుడూ ఉంది. ఇల్లు సర్దుతున్నామంటూ మీ వస్తువును మీకు చెప్పకుండా ఎవరో పారేసిన అనుభవం నా వయసువాళ్లలో చాలామందికి ఉండే ఉంటుంది కాబట్టి, మీకు అర్థమవుతుందనే ధైర్యంతో రాస్తున్నాను.

మా బావ అంటే మా అక్క భర్త. ఎమ్మిగనూరులో ఒక చేనేత సంఘంలో గుమాస్తాగా చేరి అక్కడే రిటైరయ్యాడు. సంఘానికి కంప్యూటరు వచ్చినప్పుడు మిగతావాళ్లు ముట్టుకోవడానికి జంకితే ఆయన ముట్టుకున్నాడు. చీరల అంచులూ బుటాలూ గీయడానికి పనికొచ్చే బొమ్మల సాఫ్ట్‌వేర్ ఒకటి ఆయనకు దొరికింది. అది ఏ ఒక్కరి సొత్తూ కాదు. ఎవరెవరో తమ తీరిక వేళల్లో రాసి అందరికీ వదిలేసినది, కావాలంటే దాని లోపలి రాతను చూసి మార్చుకోనూ వచ్చు. దాన్ని వాడే విధానం చెప్పే పేజీలు, ఎవరైనా దిద్దగలిగే వికీ పేజీలు, ఉండేవి కాని తెలుగులో ఒక్కటీ లేదు. డిజైన్లు గీయడం నేర్చుకుందామని వచ్చిన నేతవాళ్ల ఆడపిల్లలు ఆ ఇంగ్లీషు చూసి ఊరికే తిరిగి వెళ్లిపోతుంటే చూడలేక, అంచు డిజైనును వరసగా మళ్లీ మళ్లీ వచ్చేలా గీయడం ఎలాగో చెప్పే పేజీని ముందుగా తెలుగు చేయడానికి కూర్చున్నాడు. అప్పటికి మా ప్రెస్సు మూతపడి నేను ఖాళీగా ఉన్నాను. తప్పులు దిద్దడానికి నన్ను పిలిచాడు.

వికీలో అనువాదానికి ఒక పద్ధతి ఉంది, అది తెలియకపోతే నా కోపం మీకు అందదు. ఇంగ్లీషు పేజీని యంత్రం పేరాలుగా విడదీసి, ప్రతి పేరా నెత్తిన ఒక గుర్తు పెడుతుంది: కోణపు బ్రాకెట్ల మధ్య టీ అనే అక్షరం, దాని పక్కన ఒక సంఖ్య. చదివేవాళ్లకు అది కనబడదు, దిద్దేవాళ్లకే కనబడుతుంది. పద్నాలుగో పేరాకు రాసిన తెలుగు పద్నాలుగు పేరు మీదే ఉంటుంది. కన్నడమూ తమిళమూ ఇంకా మనం పేరు వినని భాషలూ అదే సంఖ్యను పట్టుకుని ఉంటాయి. పేరాను ఎక్కడికి జరిపినా సంఖ్యను దానితోపాటు జరపాలి. పేరాను తీసేస్తే సంఖ్య కూడా దానితోనే పోవాలి, మరో పేరాకు ఇవ్వకూడదు. అలా కాకుండా ఎవరైనా సంఖ్యలన్నీ చెరిపేసి, మారిన ఇంగ్లీషు పేజీని అనువాదాలకు ఆమోదించే హక్కున్నవాళ్లు చూడకుండా ఆమోదిస్తే, యంత్రం అన్నింటినీ కొత్త పేరాలనుకుని కొత్త సంఖ్యలు ఇస్తుంది. పాత సంఖ్యల కింద ఉన్న తెలుగు నాశనం కాదు, కాని ఏ పేజీకీ అంటుకోకుండా ఒక మూల పడి ఉంటుంది. చదివేవాళ్లకు లేనట్టే.

పోలికలంటే నాకు నమ్మకం లేదు. కాని ఇది మా బావ చెప్పిన పోలిక కాబట్టి తీసేయను. మగ్గం మీద పాత పడుగు అయిపోవచ్చినప్పుడు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా పాత పోగుల కొనలకు ముడివేస్తారు. వాళ్లమ్మ ఆ పని చేసేది. ఏ పోగు ఏ పోగుకు అతకాలో అదే పోగుకు అతకాలి. నడుమ ఒకటి తప్పితే అక్కణ్నుంచి డిజైనంతా పక్కకు జరుగుతుంది. సంఖ్యలు కూడా అంతేనని చెప్పాడు. నేను తల ఊపాను. వినలేదు.

ఎందుకంటే నేను ప్రూఫులు దిద్దేవాణ్ని. అచ్చులో అర్థంలేని గుర్తు కనబడితే నా చెయ్యి ఆగదు. ఒకనాడు మధ్యాహ్నం ఆదోనిలో మా ఇంట్లో కూర్చుని, ఇంగ్లీషు పేజీలో రెండు కామాలు తప్పుగా కనబడితే దిద్దుదామని లోపలికి వెళ్లి, ఆ బ్రాకెట్లూ సంఖ్యలూ ఏదో చెత్త పేరుకుపోయిందనుకుని మొదటినుంచి చివరిదాకా అన్నీ తీసేశాను. ఎంతో శుభ్రంగా కనిపించింది పేజీ. ఆమోదించేవాడెవరో చూడకుండా ఆమోదించాడు. మూడో రోజు బావ బస్సు దిగి నేరుగా మా ఇంటికి వచ్చి, చెప్పులైనా విడవకుండా గడపలో నిలబడ్డాడు.

"ఏమప్పా బామ్మర్దీ, నా నంబర్లు యేం పాపం జేసినాయి నీకు?"

నాకు అర్థం కాలేదు. కామాలు తప్ప ఏమీ ముట్టుకోలేదన్నాను.

"కామాలంట కామాలు! తల గొరగమంటే తలకాయే తీసినావు గదరా."

తిట్టాడు కాని నన్ను వదిలిపెట్టలేదు. మరుసటి వారం నన్ను ఎమ్మిగనూరుకు రప్పించుకున్నాడు. పాత రూపాన్ని ఒక్క నొక్కుతో వెనక్కి తెచ్చే వీలుంది కాని, ఆ మూడు రోజుల్లో ఇంకెవరో ఆ పేజీలో నిజంగా పనికొచ్చే మార్పులు చేసి ఉన్నారు. వాళ్ల పని చెడగొట్టడానికి ఆయన ఒప్పుకోలేదు. ఆయన పాత పేజీ చూస్తూ సంఖ్య చెప్పేవాడు, నేను కొత్త పేజీలో ఆ పేరా వెతికి దాని నెత్తిన సంఖ్య వేసి, తిరిగి పైకి చదివేవాణ్ని. అరవై మూడు సంఖ్యలు. మా అక్క బొరుగుల ఉగ్గాని గిన్నె తెచ్చి మా మధ్య పెట్టి, కాసేపు నిలబడి విని, ఎక్కాలు రాని పిల్లోళ్లకి శిక్ష యేసినట్లుండాదే అని నవ్వుకుంటూ పోయింది.

అంతటితో అయిపోలేదు. కొత్త సంఖ్యలు ఇంకా ఎవరూ వాడలేదని చూసుకుని, పాత సంఖ్యలనే మళ్లీ ఆమోదించమని హక్కున్నవాళ్లను అడిగి ఒప్పించాడు. ఆ తర్వాత ఆ పేజీని తమ భాషలోకి తెచ్చినవాళ్లందరికీ, నా పేరు బయటపెట్టకుండా, మావల్ల తప్పు జరిగిందని ఉత్తరాలు రాశాడు. కన్నడంలో చేసినావిడ బళ్లారి వైపు మనిషి. ఆమెకు కన్నడంలోనే రాశాడు. మీ ఊళ్లో తినడానికి ఇంకేమీ దొరకదా, నంబర్లు తింటున్నారు అని ఆమె జవాబు. ఆ జవాబును బావ నాకు నెలరోజులు చదివి వినిపించాడు.

ఆనాటినుంచి ఒక అలవాటు పెట్టాడు. ఇంగ్లీషు పేజీని ముట్టుకోవాల్సి వస్తే, దాని చర్చా పేజీలో ముందుగా ఒక ముక్క రాయాలి: ఫలానా పేరాలు మార్చబోతున్నాను, సంఖ్యలు కదిలించను, అభ్యంతరముంటే చెప్పండి అని. రాసి వారం రోజులు ఆగాలి. ఇది ఎవరో పెట్టిన నియమం కాదు. ఒకరి మగ్గం మీద ఇంకొకరు కూర్చునే ముందు అడగల్ల, అంతే, అనేవాడు. మెల్లగా బళ్లారి ఆవిడ పట్టుకుంది ఆ అలవాటు, తర్వాత తమిళంవాళ్లు, తర్వాత ముఖం ఎరగని ఎవరెవరో. కొన్నేళ్లపాటు ఆ పేజీని ఎవరు ముట్టుకున్నా ముందు అడిగారు. ఆ చర్చా పేజీ ఇప్పటికీ ఉంది. ఎవరి ఇంట్లో పెళ్లయినా, ఎవరికి జ్వరమొచ్చినా, ఈ వారం చూడలేను ఇంకో వారం ఆగండి అని రాసుకున్న ముక్కలు అందులో ఉన్నాయి.

ఒక్కో పేరాకు ఒక్కో చరిత్ర ఉంటుంది వికీలో. ఎవరు రాశారో, ఎప్పుడు దిద్దారో అన్నీ కనబడతాయి. బావ ఒకసారి వాటన్నిటినీ వరసగా తెరిచి అక్కకు చూపించాడు. వరస పొడుగునా ఆయన పేరే. అక్క కళ్లజోడు సర్దుకుని కిందిదాకా చూసి, "రేషను కార్డులో గూడా ఇన్నిసార్లు లేదు గదప్పా నీ పేరు" అంది. ఆయనకు అంతకంటే పెద్ద సన్మానం జరగలేదు. జరగాలని ఆయన కోరుకోనూ లేదు.

రెండేళ్ల కిందట ఆయన పోయాడు. కర్నూలు ఆసుపత్రిలో చివరి వారంలో నాకు అప్పజెప్పింది ఒక్కటే, పేజీ చూసుకోమని. చూసుకుంటానన్నాను. అప్పటినుంచి ప్రతి ఆదివారం అక్క దగ్గరికి వెళ్తాను. చేను ఎట్లుండాదని అడిగినట్టు, మీ బావ రాతలు బాగుండాయా అని ఆమె అడుగుతుంది. ఉండాయక్కా అంటాను. ఆ మాట చెప్పగలగడం కోసమే నేను పేజీని కనిపెట్టుకుని ఉన్నాను.

గురువారం, శుక్రవారం కూర్చుని సంఖ్యలన్నీ తిరిగి వేశాను. ఈసారి చెప్పేవాడు లేడు. నేనే చెప్పుకుని నేనే వేసుకున్నాను. ఆమోదించమని రాశాను. జరిగినదేమిటో, పాత సంఖ్యల కింద ఎవరి పని పడి ఉందో, వివరంగా, మర్యాదగా రాశాను. శనివారం జవాబు వచ్చింది. మిగతా భాషల్లో కొత్త సంఖ్యల కింద పని మొదలైందట, వెనక్కి పోవడం కుదరదట. ఖాళీలను యంత్రం ఎలాగూ నింపుతుందట. మరీ కావాలంటే పాత వాక్యాలను మీరే కొత్త గడుల్లోకి ఎక్కించుకోవచ్చు అని సలహా. శుభ్రం చేసిన మనిషి నుంచి ఒక్క ముక్క లేదు.

తప్పు చేశాడని కాదు నా కోపం. అదే తప్పు, అదే పేజీలో, నేనూ చేశాను. తప్పని తెలిసిన తర్వాత మేము చెప్పులరిగేలా తిరిగి దిద్దుకున్నాం, అందరినీ క్షమించమని అడిగాం. వీళ్లు అడగకుండా ముట్టుకున్నారు, చూడకుండా ఆమోదించారు, పోయినదాన్ని చూపిస్తే యంత్రం ఉంది కదా అన్నారు. ఒక మనిషి ఏళ్ల తరబడి నేతవాళ్ల ఇళ్లకు పోయి, ఈ పనిని మీరేమంటారమ్మా అని అడిగి తెలుసుకుని రాసిన మాటల స్థానంలో ఏది పడినా ఒకటేనని వాళ్ల ఉద్దేశం. శుభ్రం అనే ఆ మాటను నేను క్షమించలేను.

శనివారం సాయంత్రం హొళగుంద నుంచి ఫోను వచ్చింది. అక్కడి బడిలో ఒక మాస్టరమ్మ ఈ పేజీనే దగ్గర పెట్టుకుని పిల్లలకు బొమ్మలు గీయడం నేర్పుతుంది. బావ ఉన్నప్పటినుంచీ మాకు పరిచయం.

"సార్, సోమవారం అంచుల పాఠం సెప్పల్ల. పేజీ తెరిస్తే పలకలు పరచండి అంటాండాది. బండలు పరిసే మేస్త్రీకి సెప్పినట్లుంది సార్, పిల్లోళ్లు ఒకటే నగుతాండారు."

డిజైనును వరసగా వేయడాన్ని ఇంగ్లీషులో టైల్ చేయడమంటారు, యంత్రం దాన్ని పలకలు చేసింది. జరిగింది చెప్పాను. వాక్యాలు నా దగ్గర ఉన్నాయని, కాని నేను ఎక్కిస్తే ప్రతి పేరా చరిత్రలోనూ రాసినవాడిగా నా పేరు పడుతుందని, అది నాకు చేతకావడం లేదని చెప్పాను. మా బావను ఆమె పెద్దసార్ అంటుంది.

"పెద్దసార్ ఉంటే యేం జేసుండు సార్? పేరు జూసుకుంటా కూచునుండునా?"

కూర్చుని ఉండడు. అది నాకు తెలుసు. ఆమెమీదా కోపం వచ్చింది, సరిగ్గా చెప్పినందుకు.

ఆ సాయంత్రమే మొదలుపెట్టి, ఆదివారం మధ్యాహ్నానికి అరవై మూడు పేరాలూ ఎక్కించాను. ఒక్కోదాని కింద, ఎందుకు మార్చామో చెప్పే ఆ చిన్న గడిలో, ఇది నేను రాసింది కాదు, మా బావ రాసింది అని ఆయన పేరుతో సహా రాశాను. అరవై మూడుసార్లు. ఆ గడిని ఎవరూ చదవరని నాకు తెలుసు. పేజీలో ఇప్పుడు ఆయన తెలుగు ఉంది. దాని చరిత్రలో, పైనుంచి కిందిదాకా, నా పేరు ఉంది.

నాలుగు గంటల బస్సుకు ఎమ్మిగనూరు వెళ్లాను. అక్క కాఫీ ఇచ్చి, ఎప్పటిలాగే అడిగింది. ఉండాయక్కా అన్నాను. తర్వాత, దాచలేక, అంతా చెప్పాను. పేరు సంగతి కూడా చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"అడిగి తీసినారా, అడక్కుండానే తీసినారా?" అంది.

అడగలేదన్నాను.

అక్క లేచి లోపలికి పోయింది. నేను ఫోనులో ఆ చర్చా పేజీ తెరిచి చూశాను. అందులో చివరి ముక్క బావది. ముప్పై ఒకటో పేరాలో ఒక మాట మార్చబోతున్నాను, వారం రోజులు ఆగుతాను, అభ్యంతరముంటే చెప్పండి అని. దాని కింద ఎవరూ ఏమీ రాయలేదు. ఆ తర్వాత పేజీ ఎన్నోసార్లు మారింది. ముట్టుకునే ముందు ఇప్పుడు ఎవరూ అడగరు.