చిన్నమ్మ ముఖం మసక చేసిన ఫోటో

అప్పట్లో నేను మెదక్‌లో ఒక ప్రైవేటు బడిలో కంప్యూటర్ టీచర్ని. కంప్యూటర్ టీచర్ అంటే పెద్దగా ఊహించుకోకండి. బడిలో ఉన్నవి ఆరు కంప్యూటర్లు, పనిచేసేవి నాలుగు. ఫైలు ఎలా తెరవాలో, ఎలా సేవ్ చేయాలో పిల్లలకు చెప్పేదాన్ని. కొత్తగా ఒక చిన్న డిజిటల్ కెమెరా కొనుక్కున్నాను. ఫేస్‌బుక్ కూడా నాకు కొత్తే. ఇంట్లో కూర బాగా కుదిరినా ముందు ఫోటో తీసి, ఆ తర్వాతే తినేవాళ్లం.

తెలంగాణ కోసం జనమంతా రోడ్ల మీదికి వచ్చిన రోజులవి. ఒకనాడు మా చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. రోడ్డుకు అడ్డంగా రాళ్ల పొయ్యిలు, వాటి మీద పెద్ద పెద్ద గంజులు. పాపన్నపేట పోవాల్సిన షేర్ ఆటోలు ఆగిపోతే, అందులోని ఆడవాళ్లు దిగి ఉల్లిగడ్డలు కోయడానికి కూర్చున్నారు. నేను కెమెరా పట్టుకుని వెళ్లేసరికి, పప్పుచారు గంజు ముందు గంటె పట్టుకుని మా చిన్నమ్మ కనిపించింది.

చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. ఊళ్లోనే ఒక సర్కారు ఆఫీసులో కాంట్రాక్టు ఉద్యోగం. ఏటేటా కాగితం రెన్యువల్ కావాలి. అందుకని ఆఫీసులో నోరెత్తేది కాదు. ఆ లోటంతా ఇంట్లో పూడ్చుకునేది. ఆ పొద్దున జ్వరమని ఆఫీసుకు ఫోన్ చేసి వచ్చిందట. ఆ జ్వరం మనిషి కొంగు నడుముకు దోపుకుని, నినాదానికో తిప్పు చొప్పున పప్పుచారు కలుపుతోంది. ఒకే ఒక్క ఫోటో తీశాను. నేను తీసిన వందల ఫోటోల్లో ఫోటో అనిపించుకున్నది అదొక్కటే.

సాయంత్రం ఇంటికి వచ్చినప్పుడు చూపించాను. ముచ్చటపడింది. ఫేస్‌బుక్‌లో పెడతానంటే మాత్రం ఉలిక్కిపడింది.

"వద్దు బిడ్డా! జరమొచ్చిందని చెప్పిన ఆఫీసుల. మా సారు సూస్తే నా కాగితం చింపి అవతల పారేస్తడు."

"ముఖం కనవడకుండ చేస్త చిన్నమ్మా. మసక మసక చేస్తె దేవుడు గూడ గుర్తువట్టడు."

"దేవుడు గుర్తువట్టినా ఏంగాదు. మా సారు గుర్తువట్టద్దు."

ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని పని మొదలుపెట్టాను. ముందు ముఖం మీద పొగమంచులాంటి మసక వేశాను. చిన్నమ్మ తెర దగ్గరికి వంగి చూసింది.

"చీర సంగతేంది? గీ ఆకుపచ్చ చీర వారానికి రెండుసార్లు కడతనని ఆఫీసంతటికి ఎరుకనే."

అరగంట కుస్తీ పట్టి చీరను నీలం చేశాను. చీరతోపాటు చేతులు కూడా కొంచెం నీలంగా మారాయి.

"జరమంటే నమ్మేటట్టే ఉన్న ఇప్పుడు," అంది.

తర్వాత వెనకాల నిలిపిన ఆమె స్కూటీ కనిపించింది. నంబరు మీద మసక వేశాను. మెడలో ఐడీ కార్డు! లీవు పెట్టి ధర్నాకు వచ్చిన మనిషి కార్డు ఎందుకు వేసుకొచ్చినట్టు?

"అలవాటు బిడ్డా. పెండ్లికి గూడ ఒకసారి గట్లనే పోయిన."

కార్డు కూడా మాయమైంది. ఇద్దరం మరోసారి మూల మూలా వెతికి, ఇక ఏమీ లేదని నిర్ధారించుకుని ఫోటో పెట్టేశాం.

లైకులు వస్తుంటే గంటసేపు గాల్లో తేలాను. అప్పుడు నాతో డిగ్రీ చదివి హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న స్నేహితురాలు కింద ఒక మాట రాసింది: "గంజు మీద పేరు మీ చిన్నమ్మదే గదనే?" పక్కనే చిన్నమ్మ పేరు, ఇంటిపేరుతో సహా.

ఫోటోను పెద్దది చేసి చూశాను. ఆ గంజు చిన్నమ్మ పెళ్లికి మా అమ్మమ్మ పెట్టింది. గిన్నెల మీద పేర్లు కొట్టించడంలో మా అమ్మమ్మ ఏనాడూ పొదుపు చేయలేదు. ఇంటిపేరు, పేరు, ఊరు, అన్నీ చుక్కల అక్షరాల్లో గంజు నడుముకు చుట్టూరా ఉన్నాయి. మిగతాదంతా మసకబారిన ఆ ఫోటోలో స్పష్టంగా చదవగలిగింది ఆ పేరొక్కటే.

వెంటనే తీసేశాను. అప్పటికే ఎంతమంది చేతుల్లోకి వెళ్లిందో తెలియదు. ముఖం దాచడంతో అసలు ఎవరీమె అని ఊళ్లో ఆరాలు కూడా మొదలయ్యాయి. ఇంటికి వెళ్లిపోయిన చిన్నమ్మకు ఫోన్ చేసి చెప్పాను. తిడుతుందనుకున్నాను. "సరే తియ్, రేపు పోయినంక సూద్దాం" అంది. తిట్టి ఉంటేనే నాకు నిద్ర పట్టేది.

మర్నాడు ఆఫీసులో జరిగింది ఆమె నోటితోనే విన్నాను. సారు పిలిపించాడట. ఫైలులోంచి తల ఎత్తకుండానే అడిగాడట.

"జరం తగ్గిందామ్మా?"

"తగ్గింది సార్."

"ఇంట్ల సామానంత మంచిగున్నదా? గంజులు గింజులు ఏమన్న కిరాయికిచ్చినవా ఎవ్వరికన్న?"

చిన్నమ్మ కొంగు సర్దుకుని, "వంటకు గావాలంటే ఇచ్చిన సార్" అందట.

"మంచి పనే చేసినవ్. మల్లసారి ఇచ్చేటప్పుడు పేరున్న దిక్కు ఎనుకకు తిప్పి పెట్టుమని చెప్పు."

అంతే. కాగితం యథావిధిగా రెన్యువల్ అయింది. చిన్నమ్మ ఈ ముచ్చట చెబుతూ కళ్లు తుడుచుకుంది. నవ్వుకో, భయానికో నేను అడగలేదు.

రాష్ట్రం వచ్చాక ఒక ఆదివారం మా ఇంటికి వచ్చింది. "ఇంగ భయమేమున్నది? ఆ ఫోటో అసలుది తియ్. ఫ్రేము కట్టిస్త" అంది. కంప్యూటరంతా వెతికాను. పాత సీడీలు వెతికాను. నీలం చేతుల మనిషే కనిపిస్తోంది తప్ప అసలు ఫోటో ఎక్కడా లేదు. అప్పుడు అర్థమైంది. ఆనాడు 'సేవ్ యాజ్' నొక్కి వేరే పేరుతో దాచాల్సింది పోయి, ఉత్త 'సేవ్' నొక్కాను. మసకది అసలుదాని మీదే కూర్చుంది. కెమెరా కార్డును ఏనాడో ఖాళీ చేశాను. 'సేవ్'కూ 'సేవ్ యాజ్'కూ తేడా ఏమిటన్నది ఏటా పిల్లలకు పరీక్షలో ఇచ్చే ప్రశ్నే.

తల దించుకుని చెప్పాను. చిన్నమ్మ చాలాసేపు ఆ నీలం బొమ్మనే చూస్తూ కూర్చుంది. ఆ వంటావార్పులో ఆమెను ఇంకెవరూ ఫోటో తీయలేదు. ఆమె మొహం చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"పోనీ, నువ్వు సూసినవు గద. ఎట్లున్న నేను ఆనాడు?" అని అడిగింది.

గుర్తున్నంతవరకు చెప్పాను. జుట్టు ఊడి చెంపల మీద పడిందని, నుదుట బొట్టు చెమటకు కారిందని, పక్కామె ఏదో అంటే నోరంతా తెరిచి నవ్విందని. "పొగకు ఒక కన్ను మూసుకున్నవ్ చిన్నమ్మా. ఎడమ కన్ను," అన్నాను.

"నోరు తెరిచిన్నా? ఒక కన్ను మూసుకున్నా?"

"అవును."

"అయితే పోయిందే మంచిగైంది తియ్," అని చాయ్ పెట్టమంది.