పడమటి గోడలో పైపు

ఆ వీధిలో అందరూ ఆయన్ని స్కేలుగారు అనేవారు. ముప్ఫై రెండేళ్ళు మున్సిపల్ ఆఫీసులో ఊళ్ళోవాళ్ళ ఇళ్ళ ప్లాన్లు గీసి, సరిచూసి, సంతకాలు పెట్టి రిటైరైన మనిషి. మాట్లాడినా గీత గీసినట్టే మాట్లాడేవాడు. ఎక్కడా వంకర ఉండదు, ఎదుటివాళ్ళు నోరు తెరవడానికి సందూ ఉండదు. ఆయన భార్యని స్కేలుగారి ఆవిడ అనేవారు. ఆవిడకి సొంతంగా ఒక పేరుందని వీధికి తెలియదు. తెలిసి ఆ పేరుతో పిలిచినవాళ్ళు ఒక్కొక్కరే పోయారు. ఈ కథ ఆవిడది. ఇల్లు ఆయనదని అందరూ అంటారు కాబట్టి, కనీసం కథైనా ఆవిడది కావాలి.

ఇల్లు కట్టి ఇరవై రెండేళ్ళయింది. ఒక హాలు, ఒక పడకగది, వంటగది, హాలు చివర స్నానాలగది. ఆయన వరసగా పదకొండు ఆదివారాలు బల్ల మీద వంగి ఆ ప్లాన్ గీశాడు. పూర్తయ్యాక భార్యని పిలిచి చూపించాడు. చూపించాడంటే అభిప్రాయం అడగడానికి కాదు, మెచ్చుకుంటుందని. ఆవిడ చాలాసేపు చూసి ఒకే ఒక్క మాట అడిగింది.

"వంటగదికి పడమటి గోడలో ఒక కిటికీ పెట్టించండి."

అప్పట్లో పడమర వైపు ఖాళీ స్థలం. మోకాలెత్తు గడ్డి, దాని మీద బోలెడంత ఆకాశం. సాయంత్రం పూట స్థలం చూడడానికి వచ్చినప్పుడల్లా ఆవిడ అటే నిలబడేది. పెళ్ళయినప్పటి నుంచీ అద్దె ఇళ్ళలో పొగ గూళ్ళలాంటి వంటగదుల్లో వండింది. సొంత ఇల్లంటే ఆవిడకి అర్థమైంది అదొక్కటే. గరిటె తిప్పుతూ తలెత్తితే బయట ఏదో ఒకటి కనిపించాలి.

ఆయన నవ్వాడు. "ఆ గోడలో నీళ్ళ పైపు దిగుతుందే. పై ట్యాంకు నుంచి సింకుకీ, స్నానాలగదికీ అదే దారి. కిటికీ పెడితే పైపు నీ నెత్తి మీదుగా పోవాలి."

"పైపుని ఇంకో గోడలో దింపకూడదా?"

"అన్నీ చూసే గీశాను."

పునాదులు తీసేటప్పుడు మళ్ళీ అడిగింది. గోడ నడుమెత్తు లేచినప్పుడు మూడోసారి అడిగింది. అప్పుడాయన తాపీ మేస్త్రీల ముందే, "నువ్వు వంట చూసుకో, ఇల్లు నేను చూసుకుంటాను" అన్నాడు. మేస్త్రీలు మొహాలు పక్కకి తిప్పుకుని నవ్వారు. ఆ తరవాత ఆవిడ కిటికీ ఊసెత్తలేదు.

సొంతింట్లోకి దిగాక ఆయన చేసిన మొదటి పని ఆ ప్లాన్‌కి అద్దం కట్టించి హాల్లో వేలాడదీయడం. ఇంకొకరి ఇంట్లో అయితే అక్కడ పెళ్ళి ఫోటో ఉంటుంది. ఇంటికి ఎవరొచ్చినా కుర్చీలో కూర్చోకముందే ప్లాన్ చూపించేవాడు. నీలం గీత కరెంటు, ఎర్ర గీత మురుగు, ఆకుపచ్చ గీత మంచినీళ్ళు. ఆ ఆకుపచ్చ గీత వంటగది పడమటి గోడలో తిన్నగా దిగేది. చూసినవాళ్ళు ఆహా అనేవారు. ఆవిడ ఆ గీతని చూడకుండా వాళ్ళకి మంచినీళ్ళ గ్లాసులు అందించేది.

వంటగదిలో మధ్యాహ్నం పన్నెండింటికి కూడా లైటు వెయ్యాల్సిందే. వెలుతురు రావడానికి హాల్లోంచి వచ్చే గుమ్మం తప్ప మరో దారి లేదు. ఆయన అటుగా వెళ్తూ, "పట్టపగలు లైటేమిటే, దండగ" అని స్విచ్చి నొక్కేవాడు. ఆయన హాలు దాటగానే ఆవిడ మళ్ళీ వేసేది. ఒక్కోసారి చేతులకి పిండి ఉండి వెంటనే వేయడం కుదిరేది కాదు, చీకట్లోనే కానిచ్చేది. ఆ రోజు అన్నంలో రాయి తగిలిందంటే ఆయన పళ్ళెం పక్కకి నెట్టి, "కళ్ళు ఎక్కడ పెట్టుకుని ఏరావు?" అనేవాడు. ఎక్కడ పెట్టుకుందో ఆవిడ చెప్పలేదు. కూతురు ఆ వంటగది గడపలోనే కూర్చుని చదువుకుని పెద్దదైంది. పెళ్ళయ్యాక అద్దెకి ఇల్లు చూడ్డానికి వెళ్తే ముందుగా వంటగదిలోకి వెళ్ళి కిటికీ ఉందో లేదో చూస్తుందని అల్లుడు ఒకసారి నవ్వుతూ చెప్పాడు. ఆవిడా నవ్వింది, తరవాత పెరట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు.

ఇక ఇల్లు ఆయన చూసుకుంటానన్నాడు కదా. ఎలా చూసుకున్నాడంటే, కుళాయి కారుతోందని చెబితే ప్లాన్ దగ్గరికి తీసుకెళ్ళి ఆ కుళాయి ఎక్కడుందో వేలు పెట్టి చూపించేవాడు. ఆవిడ పానా కొనుక్కుని వాషర్ మార్చడం నేర్చుకుంది. వానాకాలంలో స్నానాలగది తలుపు ఉబ్బి పట్టేస్తే గరుకు కాగితంతో అరగదీసేది. బీరువా వెనక చెదలు పడితే ఆవిడే కనిపెట్టింది, ఆవిడే కిరసనాయిలు పోసింది. ఏటా వానలకి ముందు మేడెక్కి నీళ్ళు పోయే తూముల్లో ఆకులు తీసేది, పైకప్పు పగుళ్ళలో సిమెంటు పాలు పోసేది. ట్యాంకులోకి దిగి పాచి గీకేది. నడుము పట్టేసిన రోజున ఆయన, "చెప్పి చేయిస్తే పోయేదిగా" అన్నాడు. ఎవరికి చెప్పాలో మాత్రం అనలేదు.

ఒకటుంది. మధ్యాహ్నం పనయ్యాక ఆవిడ హాల్లో గచ్చు మీద కాసేపు ఒరిగేది. ఆ సమయంలో ఆయన చెయ్యి కడుక్కోవడానికి సింకు కుళాయి తిప్పితే ఆవిడ చెవి కింద సన్నగా నీళ్ళు పరిగెత్తిన చప్పుడు వినిపించేది. ఒకసారి చెప్పింది కూడా. "పైపు పడమటి గోడలో ఉంటే నీ చెవి కింద ఎలా మోగుతుందే?" అన్నాడాయన. నిజమే కదా అనుకుంది ఆవిడ. అక్కడే పొరపాటు చేసింది. తన చెవి కన్నా ఆయన గీతని నమ్మింది.

తొమ్మిదేళ్ళ కిందట పక్క స్థలంలో మూడంతస్తుల ఇల్లు లేచింది. వాళ్ళ గోడకీ వీళ్ళ గోడకీ మధ్య జానెడు సందు మిగిలింది. ఆవిడ మేడ మీద బట్టలు ఆరేస్తూ ఆ గోడ రోజుకింత పెరగడం చూసింది. ఆకాశం కనుమరుగైన రోజున, పోనీలే, కిటికీ లేకపోవడమే నయమైంది, ఉంటే ఇప్పుడు మూసుకోవాల్సి వచ్చేది అని తనని తాను సముదాయించుకుంది. మనిషి బతకడానికి అలాంటివి అనుకుంటూ ఉండాలి.

ఈ ఏడు ట్యాంకులో నీళ్ళు నిలవడం మానేశాయి. సాయంత్రం నింపితే పొద్దున్నకి ఖాళీ. వారం తిరిగేసరికి హాలు గోడ అడుగున చెమ్మ ఎక్కి సున్నం పెచ్చులుగా ఊడటం మొదలైంది. ప్లంబర్‌ని పిలిచారు. నడివయసు మనిషి, మాట తక్కువ. చెమ్మ మీద అరచెయ్యి ఆనించి, "లైను ఎటు పోతోంది సార్?" అని అడిగాడు.

స్కేలుగారికి ఆ ప్రశ్న కోసమే ఇరవై రెండేళ్ళు ఎదురుచూసినంత ఉత్సాహం వచ్చింది. ప్లాన్ దింపి, అద్దం తుడిచి, ఆకుపచ్చ గీత మీద వేలు పెట్టాడు. "ఇదిగో, ఇక్కడ. వంటగది పడమటి గోడ. కొట్టు."

"చెమ్మ హాల్లో ఉంది కదండీ," అంది ఆవిడ.

"నీళ్ళు ఎక్కడో కారి ఎక్కడో తేలతాయి. ఇది నీకు తెలిసే పని కాదు."

"హాల్లో గచ్చు కింద చప్పుడు వస్తుందని మీకు ఎప్పుడో..."

"మళ్ళీ మొదలుపెట్టావా?"

ప్లంబర్ ఇద్దర్నీ చూశాడు. ఎవరి మాట వినాలో అతనికి తెలుసు, పిలిచింది ఆయన. ఆవిడ అలమరలో డబ్బాలన్నీ దించి, పొయ్యి మీద పాత దుప్పటి కప్పింది. గోడకి ఉలి దెబ్బ పడింది. జానెడు వెడల్పున గోడ తొలిచాడు. ఇటుకే. పైకి తొలిచాడు. ఇటుకే. అటు మూరెడు, ఇటు మూరెడు. పైపు జాడ లేదు.

"ఇంకా లోపలికి కొట్టు," అన్నాడు స్కేలుగారు.

"లోపలంటే ఇక బయటే సార్."

"కొట్టమన్నాను కదా."

కొట్టాడు. ఒక ఇటుక కదిలి, అటు వైపు సందులోకి జారి, ఎక్కడో కింద దబ్బున పడింది. వంటగదిలోకి సన్నటి బూడిదరంగు వెలుతురు వచ్చింది. పగలు మూడింటి వెలుతురు. ఆ గదిలోకి అది రావడం అదే మొదలు.

ప్లంబర్ చేతులు దులుపుకుని లేచాడు. ఎవరినీ అడక్కుండా హాల్లోకి వెళ్ళి గచ్చు మీద చెవి ఆనించాడు. "అమ్మా, ఒకసారి సింకు కుళాయి తిప్పండి" అన్నాడు. ఆవిడ తిప్పింది. అతను వింటూ రెండు మూరలు పాకి ఒకచోట సుద్దముక్కతో గీత పెట్టాడు. అక్కడ గచ్చు పగలగొడితే చెయ్యి లోతులో తడిమట్టి, దాని కింద పైపు, ఆ పైపు అతుకు దగ్గర వేలెడు చీలిక.

"ట్యాంకు నుంచి స్నానాలగది మూలలో దింపి, హాలు కిందుగా సింకుకి లాక్కెళ్ళారు సార్. దగ్గర దారి, వంపులు తక్కువ. ఈ లైను ఆ పడమటి గోడ మొహమే చూడలేదు."

స్కేలుగారికి మెల్లగా గుర్తొచ్చింది. పైపులు వేసిన రోజు ఆఫీసులో తనిఖీ ఉండి ఆయన వెళ్ళలేదు. సాయంత్రం వెళ్ళేసరికి అంతా పూడ్చేసి, పైన పూత పూసేశారు. "ప్లాన్ ప్రకారమే వేశావా?" అని అడిగాడు. "ప్లాన్ ప్రకారమే సార్" అన్నాడు ఆనాటి ప్లంబర్. ఊళ్ళోవాళ్ళ ఇళ్ళకి టేపు పట్టుకుని వెళ్ళి అంగుళం తేడా వచ్చినా కాగితాలు వెనక్కి పంపిన మనిషి, తన ఇంటిని కాగితం మీద తప్ప చూడలేదు.

"వెధవ, నన్ను మోసం చేశాడు," అన్నాడు.

ఆవిడ వంటగదిలోకి వెళ్ళి ఆ కంత ముందు నిలబడింది. లెక్క చాలా తేలిక. ఇల్లు కట్టి ఇరవై రెండేళ్ళు, పక్క ఇల్లు లేచి తొమ్మిదేళ్ళు. మిగిలినవి పదమూడు. పదమూడేళ్ళ సాయంత్రాలు ఈ గోడ అవతలే ఉన్నాయి. గడ్డి ఉంది, ఆకాశం ఉంది. ఇవతల ఆవిడ ఉంది. మధ్యలో పైపు లేదు. ఏమీ లేదు.

ప్లంబర్ చీలిన ముక్క కోసి కొత్తది అతికించి, మేస్త్రీ ఎల్లుండి వచ్చి గోడ మూస్తాడని చెప్పి వెళ్ళిపోయాడు. ఆయన కాసేపు హాల్లో తచ్చాడి, గుమ్మం దగ్గరికి వచ్చాడు. ఆయనకి క్షమించమనడం రాదు, ఎవరూ నేర్పలేదు. తనకి వచ్చినంతలో ఒక మాట అన్నాడు.

"ఎలాగూ గోడ పగిలింది. కావాలంటే కిటికీ పెట్టించుకో. నేనేం అడ్డు చెప్పను."

ఆవిడ కంతలోంచి చెయ్యి బయటికి చాపింది. మోచెయ్యి దాటకముందే అరచేతికి పక్కింటి గోడ తగిలింది. పూత లేని గరుకు సిమెంటు. చెయ్యి అలాగే ఉంచి వెనక్కి తిరిగింది.

"పెట్టిస్తాను. పక్కవాళ్ళని ఇల్లు పడగొట్టమని చెప్పి రండి."

"దానికంత వెటకారం దేనికే? అప్పుడు పెట్టినా ఇప్పుడు ఏం చూసేదానివి? ఈ గోడేగా."

"పదమూడేళ్ళు ఈ గోడ లేదండీ," అంది ఆవిడ. గొంతు పెరగలేదు. "పదమూడేళ్ళు మీరే ఉన్నారు."

ఆయన హాల్లోకి వెళ్ళిపోయాడు. ఆవిడ మేస్త్రీ కోసం ఆగలేదు. పైకప్పు పగుళ్ళకని దాచిన సిమెంటు సగం బస్తా మెట్ల కింద ఉంది. ఇసుక కలిపి, నీళ్ళు పోసి, తాపీ పట్టుకుని ఇటుక మీద ఇటుక పేర్చుకుంటూ ఆ కంతని తనే మూసింది. బల్లులు దూరతాయి, వాన జల్లు పడుతుంది, ఇల్లన్నాక చూసుకోవాలి కదా. చివరి ఇటుక పెట్టేముందు ఒక్కసారి వంగి చూసింది. చూడ్డానికి ఏమీ లేదు. పెట్టేసింది.

అవతల హాల్లో ఆయన బల్ల ముందు కూర్చుని ప్లాన్ అద్దంలోంచి తీసి, పడమటి గోడలోని ఆకుపచ్చ గీతని రబ్బరుతో చెరిపి, హాలు కిందుగా కొత్త గీత గీశాడు. కింద 'సవరించినది' అని రాసి తేదీ వేసి సంతకం పెట్టాడు. మళ్ళీ అద్దం బిగించి మేకుకి తగిలించాడు. పడమటి గోడ ఇప్పుడు కాగితం మీద కూడా ఖాళీగానే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ వంటగదిలో లైటు వేసుకుని బియ్యం ఏరుతోంది. ఆయన అటుగా వెళ్తూ అలవాటు కొద్దీ స్విచ్చి మీద చెయ్యి వేశాడు.

"ముట్టుకోకండి," అంది ఆవిడ, చేటలోంచి తలెత్తకుండా.

ఆయన చెయ్యి తీసేశాడు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో వంటగది లైటు ఆవిడ నిద్రలేచినప్పటి నుంచి పడుకునేదాకా వెలుగుతూనే ఉంటుంది, ఆవిడ అందులో ఉన్నా లేకపోయినా.